ఐదుసార్లు నిజమైతే సరిపోతుందా?

ఈ పూట ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడుకుందాం. కాస్త పెద్ద సంఖ్య, నెమ్మదిగా చెబుతాను వినండి. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల, నలభై తొమ్మిది లక్షల, అరవై ఏడు వేల, రెండు వందల తొంభై ఏడు. కాగితం, పెన్ను దగ్గరున్నవాళ్లు రాసుకోండి: 4294967297. లేనివాళ్లు కంగారు పడకండి, ఈ అంకెలన్నీ గుర్తుండనక్కర్లేదు. ఇకమీదట దీన్ని 'మన సంఖ్య' అందాం. చూడ్డానికి దీనిలో ఏ ప్రత్యేకతా లేదు. కానీ పదిహేడో శతాబ్దంలో ఒక మహా గణితవేత్త చేసిన ఊహను ఈ ఒక్క సంఖ్య కూలదోసింది. ఆ ఊహ అంతకుముందు ఐదుసార్లు నిజమైంది. ఆరోసారి, సరిగ్గా మన సంఖ్య దగ్గర, తప్పింది. ఐదుసార్లు నిజమైన మాటను నమ్మితే తప్పేముంది అని ఎవరికైనా అనిపిస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదీ: ఒక మాట ఎన్నిసార్లు నిజమైందో లెక్కపెట్టే ముందు, అది తప్పడానికి ప్రతిసారీ ఎంత చోటు ఉండిందో చూడాలి. ఈ మాట మధ్యమధ్యలో మళ్లీ గుర్తుచేస్తుంటాను. రేడియోలో పేజీ వెనక్కి తిప్పడానికి లేదు కదా.

ముందు మన సంఖ్య ఎలా పుట్టిందో చూద్దాం. రెండుతో మొదలుపెట్టండి. రెండును రెండుతో గుణిస్తే నాలుగు. నాలుగును నాలుగుతో గుణిస్తే పదహారు. పదహారును పదహారుతో గుణిస్తే 256. దాన్ని దానితోనే గుణిస్తే 65536. మరొక్కసారి అదే పని చేస్తే 429 కోట్లు దాటిపోతాం. దానికి ఒకటి కలిపితే మన సంఖ్య. అంతే. ఐదుసార్లు వర్గం చేయడం, చివర్లో ఒకటి కలపడం. ఇంకో రకంగా చెప్పాలంటే, ముప్పై రెండు రెళ్లు వరసగా వేసి గుణించి, ఒకటి కలిపితే వచ్చేది ఇది. ముప్పై రెండు రెళ్లను ఒక్కొక్కటిగా గుణించకుండా ఐదే ఐదు వర్గాలతో పని ముగించే ఈ ఉపాయం మన ఛందశ్శాస్త్రకారులకు ఏనాడో తెలుసు. పింగళుడి ఛందస్సూత్రాల్లోనే అది ఉంది. పద్యపాదంలో ప్రతి అక్షరం గురువైనా కావచ్చు, లఘువైనా కావచ్చు. అంటే అక్షరానికి రెండు దారులు. అక్షరం పెరిగినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. ఇలా లెక్క కట్టబట్టే ఇరవై ఒక్క అక్షరాల ప్రకృతి ఛందంలో చంపకమాల 711600వ వృత్తమని వరస నంబరుతో సహా చెప్పగలుగుతున్నాం. అనుష్టుప్ శ్లోకం మొత్తంలో ముప్పై రెండు అక్షరాలు. శ్లోకానికి ఉండే నియమాలన్నీ పక్కనపెట్టి, ఆ ముప్పై రెండు చోట్లా గురులఘువులను ఇష్టం వచ్చినట్టు పేర్చుకోనిస్తే ఎన్ని రకాలు వస్తాయో, మన సంఖ్య దానికన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ.

ఇక అసలు కథలోకి వద్దాం. పియరీ ఫెర్మా ఫ్రాన్సులో తులూజ్ నగరంలో న్యాయస్థానంలో ఉద్యోగం చేసేవాడు. గణితం ఆయనకు తీరిక వేళ వ్యాపకం. ఆ వ్యాపకంలోనే వృత్తి గణితవేత్తలను మించిపోయాడు. ఆయనకు ప్రధాన సంఖ్యలంటే మోజు. ప్రధాన సంఖ్య అంటే ఏమిటో ఒక్కసారి గుర్తు చేస్తాను: ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగింపబడని సంఖ్య. ఏడు ప్రధాన సంఖ్య. పదిహేను కాదు, అది మూడైదులు. ప్రతిసారీ ప్రధాన సంఖ్యనే ఇచ్చే సూత్రం ఒకటి దొరికితే ఎంత బాగుంటుందని ఆ రోజుల్లో చాలామంది ఆశ. ఇందాక మనం వేసిన వర్గాల వరసనే తీసుకోండి. ప్రతి మెట్టులోనూ ఒకటి కలపండి. రెండుకు ఒకటి కలిపితే 3. నాలుగుకు కలిపితే 5. పదహారుకు కలిపితే 17. ఆ తర్వాత 257. ఆ తర్వాత 65537. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది మన సంఖ్య. ఈ వరసలో ఎంత దూరం వెళ్లినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఫెర్మా 1640లో మిత్రులకు రాశాడు. కచ్చితమైన రుజువు తన దగ్గర లేదనీ, అయినా చాలా భాజకాలను తోసిపుచ్చాననీ కూడా నిజాయితీగా రాశాడు.

దాదాపు తొంభై ఏళ్లు ఎవరూ దాని జోలికి పోలేదు. 1729లో గోల్డ్‌బాక్ అనే ఆయన, రష్యాలో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో కొత్తగా చేరిన ఒక కుర్ర గణితవేత్తకు ఉత్తరం రాస్తూ, ఫెర్మా చెప్పిన ఈ సంగతి మీకు తెలుసా అని అడిగాడు. ఆ కుర్రవాడు లియొనార్డ్ ఆయిలర్. మొదట పెద్దగా ఆసక్తి చూపలేదు. తర్వాత పట్టుకున్నాడు. 1732లో, అంటే పాతికేళ్ల వయసులో, మన సంఖ్య ప్రధాన సంఖ్య కాదని తేల్చేశాడు. దాన్ని 641 శేషం లేకుండా భాగిస్తుంది. భాగిస్తే వచ్చేది 6700417. మరోసారి చెబుతున్నాను: మన సంఖ్య, 641ని అరవై ఏడు లక్షల నాలుగు వందల పదిహేడుతో గుణిస్తే వచ్చేది. ఫెర్మా ఊహ ఆరో మెట్టు మీదే జారిపడింది.

ఇన్ని కోట్ల సంఖ్యకు 641 అనే భాజకం ఆయిలర్‌కు ఎలా తట్టింది? గుడ్డిగా వెతకలేదు. ఆయన వాడిన ఉపాయం ఫెర్మా కనిపెట్టిందే కావడం ఇందులో విశేషం. దాన్ని చిన్న లెక్కతో చూద్దాం. ఒకటితో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోండి: 1, 2, 4, 8, 16, 32. వీటిని ఏడుతో భాగించి శేషాలు మాత్రం చూడండి. 1, 2, 4, మళ్లీ 1, 2, 4. శేషాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. మూడు అడుగులకు ఒక చుట్టు. ఏడులోంచి ఒకటి తీసేస్తే ఆరు. ఆరు మూడుకు గుణిజం. ఇది కాకతాళీయం కాదు. రెండు తప్ప ఏ ప్రధాన సంఖ్యతో ఇలా భాగించి చూసినా, ఆ సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది చుట్టు పొడవుకు గుణిజమే అవుతుంది. ఇది ఫెర్మా సిద్ధాంతం, అదీ 1640 నాటిదే. ఇప్పుడు మన సంఖ్యను ఏదైనా ప్రధాన సంఖ్య భాగిస్తోందనుకోండి. దానితో వేసే శేషాల చుట్టు సరిగ్గా అరవై నాలుగు అడుగులు ఉండి తీరాలని లెక్కలో తేలుతుంది. కనుక ఆ భాజకం అరవై నాలుగు గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలి. ఇలాంటి ప్రధాన సంఖ్యలు చిన్నవాటి నుంచి వరసగా 193, 257, 449, 577, 641. నాలుగింటితో భాగించి చూస్తే శేషం మిగులుతుంది. ఐదోది 641. ఐదు భాగహారాలతో కథ ముగిసింది.

మీ దగ్గర కాలిక్యులేటరు లేకపోయినా, అసలు భాగహారమే చేయకుండా, 641 మన సంఖ్యను భాగిస్తుందని నోటితో చూపించవచ్చు. ఈ నిరూపణ నాకు చాలా ఇష్టం, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. 641 గురించి రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి: అది 640 కన్నా ఒకటి ఎక్కువ. 640 అంటే ఐదును 128తో గుణించడం, 128 అంటే ఏడు రెళ్ల లబ్ధం. రెండోది: 641 అంటే 625, పదహారు కలిపినది. 625 అంటే నాలుగు ఐదుల లబ్ధం, పదహారంటే నాలుగు రెళ్ల లబ్ధం. ఇప్పుడు 641ని కొలబద్దగా పెట్టుకుని లోటు, మిగులు చూద్దాం. 640కి ఒకటి లోటు. ఒకటి లోటున్నదాన్ని ఒకటి లోటున్నదానితో గుణిస్తే ఒకటి మిగులు వస్తుంది, రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం వచ్చినట్టే. కాబట్టి నాలుగు 640లను గుణించినా ఒకటి మిగులే. ఆ నాలుగు 640లలో ఏమున్నాయి? నాలుగు ఐదులు, ఇరవై ఎనిమిది రెళ్లు. నాలుగు ఐదులంటే 625, దానికి 641 దగ్గర పదహారు లోటు. పదహారంటే నాలుగు రెళ్లు. ఆ నాలుగూ ఈ ఇరవై ఎనిమిదీ కలిస్తే ముప్పై రెండు రెళ్లు. అంటే ముప్పై రెండు రెళ్ల లబ్ధమంత లోటూ, ఒకటి మిగులూ ఒకే లెక్కకు వచ్చిన రెండు జవాబులు. రెండూ ఒకటే కావాలంటే, ముప్పై రెండు రెళ్ల లబ్ధానికి ఒకటి కలిపితే వచ్చేదాన్ని 641 పూర్తిగా భాగించాలి. ఆ వచ్చేదే మన సంఖ్య.

మరి ఫెర్మాకు ఇది ఎందుకు దొరకలేదు? పనిముట్టు ఆయనదే. అదే 1640లో, అదే పద్ధతితో, ముప్పై ఏడు రెళ్ల లబ్ధంలోంచి ఒకటి తీసేసిన సంఖ్యను 223 భాగిస్తుందని పట్టుకున్నాడు కూడా. ఆ సంఖ్య మన సంఖ్య కన్నా పెద్దది. ఎక్కడో ఒక భాగహారంలో చెయ్యి జారి ఉంటుందని చరిత్రకారులు అనుకుంటారు. అసలు ఏ సిద్ధాంతమూ తెలియనివాడు రెండు, మూడు, ఐదు, ఏడు అంటూ ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించుకుంటూ పోయినా 641 ఎంతో దూరంలో లేదు. ప్రధాన సంఖ్యల వరసలో అది 116వది. నూటపదహార్లు చదివించుకునే ఓపిక ఉంటే ఫెర్మా ఊహ ఆ రోజే తేలిపోయేది. అంతెందుకు, జెరా కోల్బర్న్ అనే అమెరికా బాలుడు 1812 ప్రాంతంలో లండన్‌లో నోటిలెక్కల ప్రదర్శనలు ఇచ్చేవాడు. ఎనిమిదేళ్ల ఆ పిల్లవాడిని మన సంఖ్యకు కారణాంకాలు చెప్పమంటే 641 అని నోటితోనే చెప్పాడని అప్పటివాళ్లు రాసిపెట్టారు.

కానీ ఫెర్మా లెక్క తప్పాడన్నది నాకు పెద్ద విషయంగా తోచదు. లెక్కలు ఎవరైనా తప్పుతారు. ఆయన ముందున్న ఐదు సాక్ష్యాలు నిజంగా ఐదేనా అన్నది అడగవలసిన ప్రశ్న. ఇందాక మన సంఖ్యకు భాజకం ఉంటే అది 64 గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలన్నాం. వరసలో కిందికి దిగితే ఆ 64 సగమవుతూ వస్తుంది: 65537కి 32, 257కి 16, 17కి 8. ఏ సంఖ్యకైనా భాజకం కోసం దాని వర్గమూలం దాకా వెతికితే చాలు, ఆపైన అక్కర్లేదు. ఇప్పుడు 17 చూడండి. దాని వర్గమూలం నాలుగు చిల్లర. భాజకం కాగల అతి చిన్న సంఖ్య తొమ్మిది. నాలుగు లోపల తొమ్మిది ఎక్కడ దొరుకుతుంది? వెతకడానికే ఏమీ లేదు. 257 చూడండి. వర్గమూలం పదహారు చిల్లర. భాజకం కనీసం పదిహేడు కావాలి. మళ్లీ ఏమీ లేదు. 3, 5 గురించి చెప్పనే అక్కర్లేదు. అంటే మొదటి నాలుగు సంఖ్యలూ ప్రధాన సంఖ్యలు కాక తప్పదు. వాటికి ఓడిపోయే అవకాశమే లేదు. మిగిలింది ఒక్క 65537. దానికి కూడా పరీక్షించవలసిన ప్రధాన సంఖ్యలు రెండే రెండు: 97, 193. ఫెర్మా చేతిలో ఉన్నవి ఐదు సాక్ష్యాలని మనం అనుకున్నాం. నాలుగింటి నోట మరో మాట రావడానికి వీలే లేదు, ఐదోది మాట మార్చడానికి రెండే సందులు. మన సంఖ్యకు వచ్చేసరికి 65 వేల దాకా వెతకాలి. ఆ మేరలో 64 గుణిజానికి ఒకటి ఎక్కువైన ప్రధాన సంఖ్యలు వందకు పైనే ఉన్నాయి. తప్పడానికి మొట్టమొదటిసారి అసలైన చోటు దొరికింది. దొరకగానే తప్పింది. మొదట్లో చెప్పిన మాట మళ్లీ చెబుతున్నాను: ఎన్నిసార్లు నిజమైందని కాదు, ప్రతిసారీ తప్పడానికి ఎంత చోటుందని అడగాలి.

ఇక్కడ మీలో ఎవరికైనా అభ్యంతరం తోచవచ్చు. లోకమంతా అనుభవం మీదే నడుస్తోంది కదా, నాలుగుసార్లు పనిచేసిన మందును ఐదోసారి వాడుతున్నాం, అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూసి చెబుతున్నాం, గణితానికి మాత్రం ఈ పట్టింపు ఎందుకు అని. మంచి ప్రశ్న. మెతుకు పట్టి చూడడం సరైన పద్ధతే, ఎందుకంటే ఆ గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద, ఒకే సేపు ఉడికాయి. పైగా గరిటెతో అడుగు నుంచి కలిపి ఏ మెతుకైనా తీసుకోవచ్చు. సంఖ్యల దగ్గర ఆ వీలు లేదు. మనం ఎప్పుడూ మొదటి నుంచే చూస్తాం, చిన్నవాటినే చూస్తాం. చిన్న సంఖ్యలు మిగతావాటికి ప్రతినిధులు కావు. వాటికి భాజకాలు కాగలిగిన సంఖ్యలే తక్కువ కాబట్టి, అవి పెద్ద సంఖ్యల కన్నా సులువుగా ప్రధాన సంఖ్యలైపోతాయి. పది లోపల నాలుగు ప్రధాన సంఖ్యలున్నాయి. మన సంఖ్య చుట్టుపక్కల సగటున ఇరవై రెండు సంఖ్యలకు ఒకటి. అనుభవాన్ని నమ్మవద్దని నేను అనడం లేదు. అనుభవం ఎక్కడి నుంచి పోగైందో చూసుకోమంటున్నాను.

ఇంకో అభ్యంతరం ఉంది, ఇది మొదటిదాని కన్నా బలమైనది. ఐదుసార్లు చాలవు, సరే, ఇప్పుడు కంప్యూటర్లున్నాయి, కోట్లసార్లు సరిచూస్తే అప్పుడైనా నమ్మవచ్చు కదా? దీనికి జవాబు పోల్యా అనే గణితవేత్త చేసిన ఊహలో ఉంది. 1919లో పోల్యా ఒక సంగతి గమనించాడు. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టవచ్చు. కొన్నింటికి అలాంటి ముక్కలు బేసి సంఖ్యలో ఉంటాయి, కొన్నింటికి సరి సంఖ్యలో ఉంటాయి. ఒకటిని సరి జట్టులో వేసుకుని, రెండు దగ్గర గానీ ఆ తర్వాత గానీ ఎక్కడ ఆగి లెక్కచూసినా బేసి జట్టు సరి జట్టు కన్నా తక్కువ కావడం కనిపించలేదు. ఎప్పటికీ కాదేమో అన్నది ఆయన ఊహ. వంద దాకా నిజం. కోటి దాకా నిజం. యాభై కోట్ల దాకా నిజం, తొంభై కోట్ల దాకా కూడా నిజం. 1958లో మరో గణితవేత్త హేసెల్‌గ్రోవ్ ఇది ఎక్కడో తప్పక విఫలమవుతుందని నిరూపించాడు, చోటు మాత్రం చూపించలేదు. 1980లో తనకా అనే జపాను గణితవేత్త మొదటిసారి తప్పే చోటు పట్టుకున్నాడు: 906150257. తొంభై కోట్లకు పైగా వరసగా నిజమై, ఆ తర్వాత తప్పింది. లెక్కలేనంత వరసలో తొంభై కోట్లూ మొదట్లోనే ఉన్నట్టు.

అయితే వరసలో కనిపించే పోలికలన్నీ మోసమేనా? కావు. ఫెర్మా సంఖ్యలలోనే ఇంకో వరస చూపిస్తాను. మూడును ఐదుతో గుణిస్తే 15. అది తర్వాతి సంఖ్య అయిన 17 కన్నా రెండు తక్కువ. 15ని 17తో గుణిస్తే 255. అది 257 కన్నా రెండు తక్కువ. 255ను 257తో గుణిస్తే 65535. అది 65537 కన్నా రెండు తక్కువ. మరొక్క మెట్టు ఎక్కితే, ఐదు ప్రధాన సంఖ్యలనూ కలిపి గుణించినట్టవుతుంది. వచ్చేది మన సంఖ్య కన్నా సరిగ్గా రెండు తక్కువ, అంటే 4294967295. ఇది కూడా నాలుగైదుసార్లు నిజమైన మాటే. మరి దీన్ని నమ్మవచ్చా? నమ్మవచ్చు, కానీ నాలుగైదుసార్లు నిజమైనందుకు కాదు. 15, 17 రెండూ పదహారుకు అటూ ఇటూ ఉన్నాయి. ఒక సంఖ్యకు అటొకటీ ఇటొకటీ ఉన్నవాటిని గుణిస్తే ఎప్పుడైనా ఆ సంఖ్య వర్గం కన్నా ఒకటి తక్కువే వస్తుంది. హైస్కూలు బీజగణితంలో ఉన్నదే. తర్వాతి సంఖ్య ఆ వర్గం కన్నా ఒకటి ఎక్కువ. తేడా రెండు. ఎంత దూరం వెళ్లినా కారణం అదే, కనుక ఫలితమూ అదే. పక్కపక్కనే రెండు వరసలున్నాయి. రెండూ మొదట్లో ఒకే తీరుగా నిజమయ్యాయి. ఒకదాని వెనక కారణం ఉంది, రెండోదాని వెనక లేదు. సరిచూసిన లెక్కలను బట్టి వీటిలో ఏది ఏదో చెప్పలేం.

ఇప్పుడే తేలిన 4294967295ను చులకనగా వదిలేయకండి. 1796లో గౌస్ అనే పద్దెనిమిదేళ్ల జర్మన్ యువకుడు, వృత్తలేఖిని, గీతలు లేని స్కేలు మాత్రమే వాడి పదిహేడు భుజాల సమబహుభుజిని గీయవచ్చని కనిపెట్టాడు. గ్రీకుల తర్వాత రెండు వేల ఏళ్లలో అలాంటి కొత్త బహుభుజి అదే మొదటిది. ఫెర్మా వరసలో ప్రధాన సంఖ్య ఏది వచ్చినా అన్ని భుజాల బొమ్మను అలా గీయవచ్చని, వాటిలో వేర్వేరువాటిని గుణించుకోవచ్చని కూడా తేలింది. కనుక ఇప్పటికి తెలిసినంతలో అలా గీయగల బేసి భుజాల బొమ్మల్లో అతి పెద్దది 4294967295 భుజాలది. మన సంఖ్య ప్రధాన సంఖ్య అయి ఉంటే ఆ జాబితా అక్కడ ఆగేది కాదు. ఒక తప్పు ఊహ రెండు వేల ఏళ్ల నాటి రేఖాగణితపు తలుపు తీసిందంటే, ఊహలు చేయవద్దని నేనెలా అంటాను? ఇక ఈ రెండింటి నడుమ ఉన్న 4294967296 కంప్యూటర్లతో పనిచేసేవాళ్లకు రోజూ తగిలేదే. ముప్పై రెండు బిట్లలో ఇమిడే రకాలు అన్ని. ఇంటర్నెట్ పాత పద్ధతి చిరునామాల సంఖ్యా అంతే.

మన సంఖ్య తర్వాత ఆ వరస ఏమైంది? ఏడోది ఇరవై అంకెల సంఖ్య. దాన్ని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి పెద్దాయన ఎనభై రెండేళ్ల వయసులో విడగొట్టాడు. ఎనిమిదోది 1970లో కంప్యూటరుకు లొంగింది. ఇలా ఆరోదాని నుంచి ముప్పై మూడోదాని దాకా, వరసగా ఇరవై ఎనిమిది సంఖ్యలూ ప్రధాన సంఖ్యలు కావని ఇప్పటికి తెలుసు. వీటిలో ఇరవై ఒకటోది, ఇరవై ఐదోది మరీ చిత్రం. అవి విడిపోతాయని నిరూపణ ఉంది, వాటిని భాగించే సంఖ్య మాత్రం ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. ఇదంతా చూసి ఇవాళ చాలామంది గణితవేత్తలు ఫెర్మాకు పూర్తిగా ఎదురు ఊహ చేస్తున్నారు: ఆ మొదటి ఐదు తప్ప ఈ వరసలో మరో ప్రధాన సంఖ్యే లేదని. ఇరవై ఎనిమిదిసార్లు వరసగా నిజమైన మాట. నమ్మేద్దామా?

మన కొలత మనం మార్చకూడదు. తప్పడానికి ప్రతిసారీ ఎంత చోటుంది? మన సంఖ్య అంత పెద్ద సంఖ్యల్లో ఇరవై రెండింటికి ఒకటి ప్రధాన సంఖ్య అన్నాను. ఈ వరసలో మెట్టు ఎక్కినప్పుడల్లా అంకెల సంఖ్య రెట్టింపవుతుంది, ఆ సగటు సగానికి పడిపోతుంది. ఇరవై రెండింటికి ఒకటి కాస్తా నలభై నాలుగింటికి ఒకటి, తర్వాత ఎనభై ఎనిమిదింటికి ఒకటి. ముప్పై మూడోది వచ్చేసరికి ఆ అవకాశం ఇంచుమించు లేనట్టే. అంటే ఇరవై ఎనిమిది సంఖ్యలు విడిపోవడంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు, అవి ప్రధాన సంఖ్యలు కావడానికే చోటు లేదు. ఫెర్మా సాక్షులు అటు పక్షాన ఎలా బలహీనులో, వీళ్లు ఇటు పక్షాన అలాగే బలహీనులు. సగటు లెక్క చూస్తే కొత్త ఊహ నిజమయ్యే అవకాశమే ఎక్కువ, నేనూ అటే మొగ్గుతాను. కానీ అది సగటు నుంచి వచ్చిన మొగ్గు, ఇరవై ఎనిమిది నుంచి వచ్చింది కాదు. ఎందుకు విడిపోవాలో చెప్పే కారణం ఇంకా ఎవరి దగ్గరా లేదు. ముప్పై నాలుగోది దాదాపు 258 కోట్ల అంకెల సంఖ్య. అది ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చే పరీక్ష 1877 నుంచీ చేతిలో ఉన్నా, ఇంత పెద్ద సంఖ్య మీద దాన్ని నడిపించడం ఇంకా మన యంత్రాల వల్ల కాలేదు. భాజకం కోసం వెతికేవాళ్లు వెతుకుతూనే ఉన్నారు. రేపు అది దొరికినా వరసగా విడిపోయినవి ఇరవై తొమ్మిది అవుతాయి, అంతే. ఆరో ప్రధాన సంఖ్య ఉందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఇవాళ ఎక్కడుందో అక్కడే ఉంటుంది.